మంటకు రంగులు: ఉప్పు ఆఖర్న, స్పిరిట్ సీసా పక్క గదిలో

ప్రశ్న: మా వాడు తొమ్మిదో తరగతి. వచ్చే నెల స్కూల్లో సైన్స్ ఫెయిర్ ఉంది. రంగురంగుల మంటలు చేస్తానని ఫోన్లో ఏదో వీడియో చూసి మైలుతుత్తం, బోరిక్ పౌడర్, ఎరువుల కొట్లో పొటాష్, ఇంట్లో ఉప్పు, పటిక అన్నీ పోగేశాడు. గిన్నె మూతల్లో ఒక్కో పొడి వేసి, మీద శానిటైజర్ పోసి వెలిగించాడు. బోరిక్ పౌడర్ ఒక్కటే ఆకుపచ్చగా వెలిగింది, మిగతావన్నీ పసుపే. శానిటైజర్ బదులు స్పిరిట్ అయితే బాగా వస్తుందట, సీసా కొనిపెట్టమని గొడవ. కొనివ్వచ్చా? ఏ పొడి ఎంత వేయాలి? సంక్రాంతికి ఊరెళ్తే భోగి మంటలో కూడా వేస్తానంటున్నాడు. – ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: కొనివ్వండి. అయితే చిన్న సీసా, వంద మిల్లీలీటర్లది చాలు. అది కూడా స్పిరిట్ దీపంలో పోయడానికే. మూతల్లో పొడి వేసి మీద పోసే పద్ధతి మాత్రం ఇవాళ్టితో ఆగిపోవాలి. ఈ ప్రయోగంలో ఒళ్లు కాల్చుకున్నవాళ్లలో ఎక్కువమందికి కారణం పొడి కాదు, చేతిలో ఉన్న సీసా.

ఎలాగో చెబుతాం. మూతలో స్పిరిట్ అయిపోవస్తుంది. మంట సన్నబడి, పగటి వెలుతురులో అసలు కంటికి ఆనదు. ఆరిపోయిందనుకుని ఇంకాస్త పోస్తారు. సీసా మూతి దగ్గరున్న ఆవిరి అంటుకుంటుంది, మంట పోస్తున్న ధార వెంబడి లోపలికి పాకుతుంది. లోపల ఉన్నది సగం స్పిరిట్, సగం ఆవిరీ గాలీ. అది ఒక్కసారిగా అంటుకుంటే సీసా మూతి నుంచి మంట పిచికారీలా అడుగుల దూరం చిమ్ముతుంది. అందుకే పోస్తున్నవాళ్లకన్నా ఎదురుగా కూర్చుని చూస్తున్న పిల్లలకే ఎక్కువ కాలుతుంది. అమెరికా బళ్లలో మిథనాల్ అనే ఆల్కహాల్ పోసి ఇంద్రధనుస్సు మంటలు చూపించడం చాలాకాలం మామూలే. ప్రమాదాల మీద ప్రమాదాలు జరిగాక 2014లో అమెరికన్ కెమికల్ సొసైటీ భద్రతా కమిటీ ఈ ప్రదర్శన మానేయమని గట్టిగా చెప్పింది. శానిటైజర్ దీనికన్నా మేలేమీ కాదు. అందులోనూ డెబ్బై శాతం దాకా ఆల్కహాలే, పైగా జెల్ కాబట్టి చేతికి అంటుకుని మండుతుంది, విదిలించినా పోదు.

ఇక రంగు ఎందుకు రాలేదంటే, రెండు కారణాలున్నాయి. రెండూ తెలిస్తే ప్రాజెక్టులో సగం అయిపోయినట్టే.

మొదటిది: ఆల్కహాల్ మరిగేది 78 డిగ్రీల దగ్గర. మూతలో అది ఉన్నంతసేపూ అడుగున పడున్న పొడి అంతకు మించి పెద్దగా వేడెక్కదు. మంట పైన ఎక్కడో మండుతుంటుంది, పొడి కింద తడిగా కూర్చుని ఉంటుంది. రంగు రావాలంటే లవణం మంటలోకి వెళ్లి ఆవిరవాలి. మైలుతుత్తం (రాగి లవణం), పొటాష్ (పొటాషియం లవణం) ఆల్కహాల్‌లో సరిగా కరగవు, ఆవిరితో పాటు పైకీ లేవవు. బోరిక్ పౌడర్, అంటే బోరిక్ ఆమ్లం, సంగతి వేరు. అది ఆల్కహాల్‌తో కలిసి తేలిగ్గా ఆవిరయ్యే పదార్థంగా మారి పైకి లేస్తుంది. అందుకే మీ వాడికి అదొక్కటే వచ్చింది.

రెండోది సోడియం. పొయ్యి మీద పప్పు పొంగినప్పుడు నీలంగా ఉన్న గ్యాస్ మంట భగ్గున పసుపుగా మారడం మీరు రోజూ చూసేదే. అది పప్పు రంగు కాదు, అందులోని ఉప్పు. వేడికి సోడియం పరమాణువులోని ఎలక్ట్రాన్ ఒక మెట్టు పైకెక్కి, దిగేటప్పుడు ఆ శక్తిని 589 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు) తరంగదైర్ఘ్యమున్న పసుపు కాంతిగా వదిలేస్తుంది. ఆ పసుపు మన కంటికి బాగా ఆనే రంగు. పైగా అది రావడానికి ఉప్పు చిటికెడు కూడా అక్కర్లేదు. బోరు నీళ్లు, చేతి చెమట, కడిగి ఆరబెట్టిన మూత మీది నీటి మరక, ఇందులో ఏది ఉన్నా చాలు. పసుపు ఒకసారి వచ్చిందంటే పొటాషియం ఊదాని పూర్తిగా మింగేస్తుంది, రాగి ఆకుపచ్చని సగం మింగేస్తుంది. కాబట్టి ఈ ప్రాజెక్టంతా ఒక రకంగా సోడియాన్ని దూరంగా ఉంచే కసరత్తే.

ఇప్పుడు చేసే పద్ధతి. పొడిని మంటలో చల్లడం కాదు, నీళ్లలో కరిగించి, పుల్లకు పట్టించి, పుల్లను మంట అంచుకు చూపించడం.

నీళ్లు: పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరికే బ్యాటరీ వాటర్. సీసా మీద డిస్టిల్డ్ వాటర్ అనో డీమినరలైజ్డ్ వాటర్ అనో ఉండాలి. బ్యాటరీ యాసిడ్ వేరే సీసాలో అమ్ముతారు, పొరపాటున అది తేవద్దు. ఆర్‌ఓ నీళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు ఇక్కడ పనికిరావు. కాచితే ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది.

పుల్లలు: ఐస్‌క్రీం పుల్లలు, లేదా వెదురు పుల్లలు. ముందురోజు రాత్రే ఆ నీళ్లలో నానబెట్టాలి. కర్రలో, దాన్ని పట్టుకున్న చేతుల్లో ఉన్న ఉప్పు కొంత దిగిపోతుంది. పొద్దున తీసి ఒక్కో ద్రావణంలో రెండేసి పుల్లలు కనీసం గంటసేపు నిలబెట్టండి. నానే కొసకు ఎరుపు దారం కట్టి, ఆ వైపు వేలు పెట్టొద్దని వాడికి గట్టిగా చెప్పండి. ఈ నియమం పిల్లలకు అర్థమవుతుంది కానీ గుర్తుండదు.

ద్రావణాలు: ఒక్కోటి 50 మిల్లీలీటర్లు చాలు. మైలుతుత్తం 5 గ్రాములు, అంటే గీసిన చిన్న చెంచాడు. పొటాష్ 5 గ్రాములు. కాల్షియం క్లోరైడ్ దొరికితే అదీ 5 గ్రాములు. అల్మారాల్లో చెమ్మ పీల్చడానికి పెట్టే డబ్బాల్లో తెల్లటి పలుకులుగా ఉండేది చాలావరకు అదే, డబ్బా మీద పేరు చూసి తీసుకోండి. నీళ్లలో వేస్తే గ్లాసు వేడెక్కుతుంది, కంగారుపడక్కర్లేదు. ఉప్పు గ్రాము చాలు. బోరిక్ పౌడర్ ఒక్కటే ఈ లెక్కకు లొంగదు. అది చల్లటి నీళ్లలో 50 మిల్లీలీటర్లకు రెండు గ్రాములకు మించి కరగదు. అందుకని దాన్ని కరిగించకుండా, తడిపుల్ల కొసను పొడిలో అద్దితే చాలు. క్యారమ్ బోర్డు పౌడర్ వాడితే పాకెట్ మీద బోరిక్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే అది వేరే ఏదో పిండి కావచ్చు. పటిక ఇంట్లోనే పెట్టుకోండి. అందులో పొటాషియం ఉన్నా మంటలో పొంగి తెల్లటి బూడిదలా మిగులుతుంది, చూడ్డానికేమీ ఉండదు. ఎప్సం సాల్ట్ తెచ్చినా వృథా, మెగ్నీషియం లవణాలు మంటకు రంగివ్వవు.

ద్రావణాలకు గాజు గ్లాసులు లేదా జామ్ సీసాలు వాడి, మీద పేరు రాసిన కాగితం అంటించండి. మళ్లీ అవి వంటింట్లోకి రాకూడదు. ముఖ్యంగా మైలుతుత్తం. చూడ్డానికి షర్బత్‌లా అందమైన నీలం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ సీసా కళ్లముందు ఉండటమే ప్రమాదం. కొద్ది గ్రాములు లోపలికి పోయినా వాంతులు, కడుపులో మంట, ఆ పైన కిడ్నీల దాకా వెళ్తుంది. మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే కుళాయి కింద పదిహేను ఇరవై నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

మంట దగ్గరికొద్దాం. స్కూలు ల్యాబ్‌లో బర్నర్ ఉంటే టీచరు దగ్గరుండగా అక్కడే చేయడం అన్నిటికన్నా మంచిది, ఆ మంట వేడి ఎక్కువ, రంగు కూడా లేదు. ఇంట్లోనైతే ల్యాబ్ సామాన్లమ్మే షాపుల్లో దొరికే గాజు స్పిరిట్ దీపం. వంట పొయ్యి వద్దు. మైలుతుత్తం చుక్కలు బర్నర్ మీద పడి ఎండి, రేపు రొట్టె కాల్చేటప్పుడు మళ్లీ లేస్తాయి.

దీపంలో స్పిరిట్ సగానికే పోయాలి. దీపం ఆర్పి, గాజు పూర్తిగా చల్లారాక, గరాటుతో పెద్దవాళ్లే పోయాలి. పోశాక సీసా మూత బిగించి పక్క గదిలో పెట్టి వచ్చి, అప్పుడు అగ్గిపుల్ల గీయాలి. మధ్యలో అయిపోతే ఆ పూటకు ప్రయోగం అయిపోయినట్టే. ఆర్పడానికి ఊదొద్దు, గాజు మూత బోర్లించండి. వత్తి రెండు మూడు మిల్లీమీటర్లు పైకుంటే చాలు, ఎక్కువ లాగితే మంట పసుపెక్కుతుంది. కింద స్టీలు పళ్లెం, పక్కన తడిపిన గోనెసంచి, ఒక బకెట్ నీళ్లు. ఫ్యాన్ ఆపి కిటికీ తెరవాలి. నైలాన్ బట్టలు, వేలాడే చున్నీ, విరబోసిన జుట్టు వద్దు. కళ్లకు అద్దాలుండాలి. ఎంత జాగ్రత్తపడ్డా కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు, అంతే. పేస్టు, పసుపు, సిరా ఏవీ రాయొద్దు.

గది చీకటి చేసి, దీపం వెనక నల్ల చార్ట్ నిలబెట్టండి. నానిన పుల్లను మంట మధ్యలోకి దూర్చకుండా పక్క అంచుకు, కిందినుంచి మూడో వంతు ఎత్తులో ఆనించాలి. ముందు కాస్త చిటపటలాడుతుంది, నీరు ఆవిరవుతుంది. తర్వాత మూడు నుంచి ఐదు సెకన్లు అసలు రంగు కనబడుతుంది. ఆ వెంటనే పుల్ల కొస నల్లబడి కర్ర అంటుకుంటుంది, మళ్లీ పసుపు. అది లవణం రంగు కాదు, కర్ర మంటలో కాగి మెరిసే మసి కణాల రంగు. పసుపు రాగానే పుల్లను నీళ్లలో ముంచేయాలి. ఆ కాసేపటి రంగును చూడ్డానికే ఇన్ని పుల్లలు.

ఇంకా బాగా రావాలంటే పుల్ల బదులు నిక్రోమ్ తీగ వాడొచ్చు. హీటర్ కాయిల్ తీగ అని ఎలక్ట్రికల్ షాపులో అడిగితే ఇస్తారు. పది సెంటీమీటర్ల ముక్క తీసుకుని కొసను శనగగింజలో సగమంత రింగుగా వంచి, రెండో కొసను కర్రముక్కకు గట్టిగా చుట్టండి. దాన్ని ముందు ఉత్తినే మంటలో పెట్టి, ఏ రంగూ రానంతవరకూ కాల్చి, చల్లారాక ద్రావణంలో ముంచాలి. ల్యాబుల్లో తీగను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి శుభ్రం చేస్తారు. ఇంట్లో బాత్రూం యాసిడ్‌తో ఆ పని పెట్టుకోవద్దు, లవణానికో తీగ కేటాయిస్తే సరిపోతుంది.

వరస కూడా ముఖ్యమే. బోరిక్, మైలుతుత్తం, పొటాష్, కాల్షియం, అన్నిటికన్నా చివర ఉప్పు. ఉప్పు ముందు చేశారా, గాల్లో లేచిన ఆ తుంపర్లకే తర్వాతవన్నీ పసుపవుతాయి. పుల్లనుంచి చుక్క జారి వత్తి మీద పడితే కూడా అంతే, దీపం ఆ పూటంతా పసుపుగానే వెలుగుతుంది. ఆర్పి, చల్లారాక వత్తి కొస అర సెంటీమీటరు కత్తిరిస్తే బాగవుతుంది. దీపాన్ని కొద్దిగా పక్కకు ఉంచి, పుల్ల కొస వత్తికి నేరుగా పైన లేకుండా చూసుకుంటే ఈ తిప్పలుండవు.

మైలుతుత్తం గురించి కొంచెం ఆగి చెప్పాలి, అందాలన్నీ దీనిలోనే ఉన్నాయి. మైలు అంటే నెమలే, సంస్కృతంలో మయూరతుత్థం అంటారు. పలుకు రంగు చూసి పెట్టిన పేరు. మంటలోనూ అది నెమలి పింఛం రంగులే చూపిస్తుంది. ఉత్త మైలుతుత్తం ద్రావణంతో ఎక్కువగా ఆకుపచ్చ వస్తుంది. అందులో చిటికెడు పొటాష్ కలిపి చూడమనండి, అంచుల్లో నీలం తేలుతుంది. ఎందుకంటే పొటాష్‌లో ఉన్న క్లోరిన్ రాగితో జతకట్టి కాపర్ క్లోరైడ్‌గా మంటలోకి వెళ్తుంది, నీలం ఇచ్చేది ఆ జంట. క్లోరిన్ ఉప్పులోనూ ఉంది కదా, ఉప్పే వేద్దామనిపిస్తుంది. వేస్తే సోడియం వచ్చి ఆట చెడగొడుతుంది. ఆ జంట మరీ వేడి మంటలో నిలవదు, విడిపోతుంది. బాణసంచా తయారుచేసేవాళ్లకు అన్ని రంగుల్లోకీ నీలమే కష్టమవడానికి కారణం ఇదే. స్పిరిట్ దీపం మంట మరీ వేడిది కాకపోవడం ఇక్కడ మనకు కలిసొస్తుంది. ఇలా ఒకే రాగితో రెండు రంగులు పక్కపక్కన చూపిస్తే జడ్జి తప్పకుండా ఎందుకని అడుగుతారు. వాడు జవాబు చెప్పగలిగితే ఆ బల్ల దగ్గర మిగతావాటికి పెద్ద పని ఉండదు.

పొటాష్ విషయంలో ఒక పేరు గందరగోళం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎరువుల కొట్లో అమ్మే పొటాష్ పొటాషియం క్లోరైడ్. ఎర్రగానో తెల్లగానో ఉంటుంది, మంటను ఎగదోయదు. దీపావళికి గంధకంతో కలిపి పేల్చే మందును కూడా ఊళ్లలో పొటాష్ అనే అంటారు. అందులో ఉండేది పొటాషియం క్లోరేట్, తనలోంచే ఆక్సిజన్ ఇచ్చి పేలుడు పుట్టించేది. పేరులో కొద్దిపాటి తేడా, పనిలో నిప్పుకూ నీళ్లకూ ఉన్నంత తేడా. సంచి మీద మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అని చూసి తెచ్చుకోండి. విడిగా పొట్లం కట్టి ఇచ్చింది వద్దు. సురేకారం, గంధకం, పర్మాంగనేట్, అల్యూమినియం పొడి లాంటివి ఈ బల్ల దగ్గరకే రాకూడదు. రెండు పొడులు పొడిగా కలిపే పని ఏదీ ఈ ప్రయోగంలో లేదు. అలా కలపమని చెప్పే వీడియో కనబడితే అది వేరే ప్రయోగం.

పొటాషియం ఇచ్చే రంగు లేత ఊదా, వంకాయ పువ్వు రంగు. ఎరువులో కొంత ఉప్పు ఎలాగూ కలిసి ఉంటుంది కాబట్టి ముందు పసుపే కనబడుతుంది. ల్యాబుల్లో దీనికి నీలం కోబాల్ట్ గాజు అడ్డం పెట్టుకుని చూస్తారు, అది పసుపును ఆపేసి ఊదాను వదులుతుంది. స్కూల్లో అడిగి తీసుకోవచ్చు. నీలం జెలటిన్ కాగితాన్ని నమ్ముకోవద్దు. ఫోన్ కెమెరాకు కూడా ఈ రంగు సరిగా అందదు. పొటాషియం ముఖ్యమైన గీతలు ఎరుపుకు చివర 766, 770 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, కెమెరాల్లో ఉండే వడపోత వాటిని చాలావరకు ఆపేస్తుంది.

కాల్షియం ఇటుక రంగు ఇస్తుంది. స్పిరిట్ దీపంలో కాస్త నీరసంగానే ఉంటుంది, ఊరికే పసుపు కలిసిన నారింజలా కనబడితే నిరాశపడొద్దు. గాఢమైన ఎరుపుకు స్ట్రాన్షియం కావాలి, అది ఇంటి దగ్గర దొరికే సరుకు కాదు. బేరియం ఆకుపచ్చ కోసం మాత్రం ఆశపడొద్దు. నీళ్లలో కరిగే బేరియం లవణాలు ఒకటి రెండు గ్రాములు లోపలికి పోయినా ప్రాణం మీదకు వస్తుంది. బాణసంచాలోనే వాటిని సుప్రీంకోర్టు 2018లో నిషేధించింది. మన ఆకుపచ్చకు బోరిక్ చాలు.

ఇంతవరకు చేస్తే అది బాగున్న తమాషా. సైన్స్ ప్రాజెక్ట్ కావాలంటే పక్కన ఒక చెప్పుల డబ్బా పెట్టాలి, మంట వెలుగును రంగులుగా విడదీసి చూపించే స్పెక్ట్రోస్కోపుగా. డబ్బాకు ఇరుకు గోడ ఒకదానికి, మూలకు నాలుగు సెంటీమీటర్ల దూరంలో నిలువుగా రంధ్రం కోసి, అల్యూమినియం ఫాయిల్ ముక్కలు రెండు అంటించి మధ్య అర మిల్లీమీటరు చీలిక వదలాలి. రెండు సెంటీమీటర్ల పొడవు చాలు. దానికి సరిగ్గా ఎదుటి గోడలో రెండు సెంటీమీటర్ల రంధ్రం. పాత సీడీ ఒకటి తీసుకుని బొమ్మ ఉన్న వైపు గీరి, ప్యాకింగ్ టేపు అంటించి లాగితే వెండి పొర ఊడొస్తుంది, పారదర్శకమైన ప్లాస్టిక్ మిగులుతుంది. రాసుకునే సీడీ అయితే మిగిలిన రంగును దూదితో తుడిచేయాలి. అంచు వైపు నుంచి చిన్న ముక్క కత్తిరించి, దాని గీతలు చీలికకు సమాంతరంగా, అంటే సీడీ గుండ్రటి అంచు నిలువుగా ఉండేలా రెండో రంధ్రానికి అంటించాలి. మూత పెట్టి సందుల్లో నల్ల టేపు వేస్తే డబ్బా సిద్ధం.

రంధ్రంలోంచి చీలికను చూస్తూ చూపు పక్కకు, ఖాళీ ఎక్కువున్న వైపుకు తిప్పాలి. సీడీలో మిల్లీమీటరుకు 625 గీతలుంటాయి, అవి పసుపు కాంతిని దాదాపు 22 డిగ్రీలు పక్కకు వంచుతాయి. ముప్ఫై సెంటీమీటర్ల డబ్బాలో చీలికకు పన్నెండు సెంటీమీటర్ల పక్కన కనబడుతుందన్నమాట. చీలికను ఒక మూలకు జరపమన్నది అందుకే. ఏమీ కనబడకపోతే సీడీ ముక్క అడ్డం తిరిగి ఉంటుంది, తొంభై డిగ్రీలు తిప్పి అంటించండి. అంతా అలుక్కుపోయినట్టుంటే చీలిక వెడల్పు ఎక్కువైంది. అట్టడబ్బా కాబట్టి మంటకు అడుగు దూరంలో ఉంచాలి.

ముందు కొవ్వొత్తి చూడమనండి, ఊదా నుంచి ఎరుపు దాకా తెగకుండా పట్టీ. ఉప్పు పుల్లలో అయితే (వరసలో అది చివరే) ఒకే ఒక సన్నటి పసుపు గీత, అటూ ఇటూ చీకటి. బోరిక్‌లో ఆకుపచ్చ పట్టీలు పక్కపక్కనే పేర్చినట్టు నాలుగైదు. మైలుతుత్తంలో ఆకుపచ్చ, నీలం మసకగా పరుచుకుంటాయి. మామూలు కంటికి ఆకుపచ్చగా ఒకేలా అనిపించే బోరిక్, మైలుతుత్తం ఇక్కడ రెండు వేర్వేరు ముఖాలు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ ఈ ముఖాలు చదివే 1860లో సీజియం, 1861లో రుబీడియం అనే కొత్త మూలకాలను పట్టుకున్నారు.

మన వైపు కథ ఇంకా బాగుంటుంది, చార్ట్ మీద రాయించండి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి ఖగోళవేత్త పియర్ జాన్సెన్ దాన్ని చూడ్డానికి గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను స్పెక్ట్రోస్కోపులో చూస్తే మెరిసే గీతలు కనబడ్డాయి. ఆ గ్రహణంలో గమనించిన పసుపు గీతను మొదట సోడియం గీతే అనుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళవేత్త నార్మన్ లాకియర్ కూడా పసుపు గీతను చూసి కొలిచాడు. సోడియం గీతలు 589 నానోమీటర్ల దగ్గరుంటే ఇది 587.6 దగ్గర ఉంది. ఆ కాస్త తేడాయే హీలియం అనే కొత్త మూలకాన్ని పట్టించింది. భూమ్మీద అది రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే చేతికి చిక్కింది 1895లో. మీ వాడి పప్పు పొంగిన పసుపుకూ సూర్యుడి పసుపుకూ మధ్య ఉన్నది ఒకటిన్నర నానోమీటరు. చెప్పుల డబ్బా ఆ తేడాను విడదీయలేదు, ఆ మాట కూడా చార్ట్ మీద రాస్తే మంచిది.

ఫెయిర్ రోజు హాల్లో మంట వెలిగించనివ్వరు, వెలిగించనివ్వకపోవడమే సరి. ముందే ఇంట్లో వీడియో తీసిపెట్టుకోండి. ఫోన్‌ను ఆటోలో వదిలేస్తే మంటను తెల్లటి ముద్దగా చూపిస్తుంది. తెర మీద మంటను వేలితో నొక్కిపట్టి వెలుతురు స్థిరం చేసి, బాగా తగ్గించి తీయండి. చెప్పుల డబ్బా, ద్రావణాలు మూతేసిన సీసాల్లో, పక్కన ఎల్‌ఈడీ బల్బు ఒకటి, ఎల్‌ఈడీ కాని పాతరకం ట్యూబ్‌లైటు ఒకటి పెడితే వచ్చినవాళ్లు డబ్బాలోంచి వాటినే చూసుకుంటారు. ట్యూబ్‌లైటులో పాదరసం గీతలు విడివిడిగా కనబడతాయి.

భోగి మంట సంగతి. వద్దనే చెబుతాం. ముందు అది పనిచేయదు. దుంగలు, పిడకలు మండేటప్పుడు వచ్చే పసుపు ప్రధానంగా మసి కణాల వెలుగు, ఆ వెలుగులో చెంచాడు మైలుతుత్తం ఎటుపోయిందో తెలియదు. మంట తగ్గి నిప్పులయ్యాక వేస్తే అంచుల్లో ఆకుపచ్చ నాలుకలు కనబడతాయి, నిజమే. అయితే అప్పటికే ఆ నిప్పుల మీద స్నానానికి నీళ్లు పెట్టి ఉంటారు, ఎవరో చిలగడదుంపలు దూర్చి ఉంటారు, బూడిద నుదుట పెట్టుకుంటారు, మిగిలింది పాదుల్లో వేస్తారు. రాగి కాలిపోయేది కాదు, ఆ బూడిదలోనే ఉంటుంది. పైగా పొడి చల్లాలంటే పిల్లలు నిప్పుకు చెయ్యంత దూరంలోకి రావాలి. రంగు మంటల కోసమని ప్లాస్టిక్ పైపు ముక్కలు, కరెంటు వైర్లు వేసే అలవాటు అసలే వద్దు, ఆ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది.

చివరికి మిగిలేది మైలుతుత్తం నీళ్లు. ఉప్పు, పొటాష్, కాల్షియం, బోరిక్‌లను ధారాళంగా నీళ్లు పోసి సింకులో వదిలేయొచ్చు. దీన్ని అలా వదలొద్దు, చేపల తొట్టికీ చెరువుకూ ఇది విషం. సగం పక్కకు తీసి గరుకు కాగితంతో రుద్దిన ఇనుప మేకు అందులో వేయించండి. ఇరవై నిమిషాల్లో మేకు మీద ఎర్రటి రాగి పొర, పదో తరగతి పుస్తకంలోని పాఠం ఇప్పుడే అయిపోతుంది. నాలుగైదు మేకులు వేసి రాత్రంతా ఉంచితే నీలం వెలిసి లేత ఆకుపచ్చ అవుతుంది. మిగతా సగంలో, పొటాష్ కలపనిది చూసి, మైలుతుత్తం ఎంత ఉందో అంత తడిపిన సున్నం కలపండి, ప్లాస్టిక్ డబ్బాలో. నీలం ముద్దగా చిక్కబడుతుంది. లెక్క చూస్తే ఈ సగంలో రెండున్నర గ్రాములకు రెండున్నర గ్రాములు, 25 మిల్లీలీటర్లు. రైతులు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో చేసుకునే బోర్డో పేస్టు పాళ్లు కూడా అవే. పెరట్లో జిగురు కారే నిమ్మచెట్టు ఉంటే, ఆ బంకను గీకేసి మొదలుకు పూయండి.